రాయి ఎక్కువ, మట్టి తక్కువ: మాల్టా మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో మాల్టా గురించి అడిగినవే ఎక్కువ. మన పిల్లలు అక్కడికి ఉద్యోగాలకి వెళ్తుండటం ఒక కారణం, పిరమిడ్లకంటే పాత గుళ్లు అక్కడున్నాయని వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇంకో కారణం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ దీవికే ఇచ్చేశాం.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట. మాల్టా చరిత్ర అనగానే అందరూ నైట్లు (ఐరోపా క్రైస్తవ యోధులు), కోటలు, ముట్టడులు అంటారు. నన్నడిగితే అది మొదట్నుంచీ తిండిగింజల కథ. ఆ రాతి మీద ఎంతమంది బతకగలరు, చాలని గింజలు సముద్రం దాటించి ఎవరు తెచ్చిపెడతారు అన్న రెండు ప్రశ్నలు దగ్గర పెట్టుకుని చదివితే, ఎందుకు జరిగిందో అర్థంకాని చాలా సంగతులు అర్థమవుతాయి.

ప్రశ్న: మా మనవడికి మాల్టాలో ఉద్యోగం వచ్చింది. అసలది ఎక్కడుంది, ఎంత ఉంటుంది? మ్యాపులో వెతికినా కనపడలేదు. – ఒక అమ్మమ్మ, తణుకు

అమ్మా, మ్యాపులో ఇటలీ కింద సిసిలీ దీవి కనిపిస్తుంది కదా, దానికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల సముద్రం దాటితే మాల్టా వస్తుంది. మాల్టా, గోజో, కొమినో అని మూడు ముఖ్యమైన దీవులు, కొమినోలో మాత్రం ఉండేవాళ్లు దాదాపు లేరు. అన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్‌ఎంసీ హద్దుల్లో ఇంచుమించు సగం. 2021 లెక్కల ప్రకారం జనం 5 లక్షల 19 వేల పైచిలుకు. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు, చెప్పుకోదగ్గ అడవి లేదు, గనులు లేవు. ఉన్నదల్లా లేత పసుపు రంగు సున్నపురాయి, దాని మీద పలచగా మట్టి. ఇళ్లు, గుళ్లు, కోటలు, పొలం గట్లు అన్నీ ఆ రాయితోనే కట్టారు కాబట్టి ఊళ్లన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్కడ అధికార భాషల్లో ఒకటి, బళ్లు మనలాగే ఎడమవైపు నడుపుతారు, వేసవి ఎండలు మన పిల్లలకి కొత్త కాదు. ఆ విషయాల్లో మీరేమీ టెన్షన్ పడక్కర్లేదు.

ప్రశ్న: మాల్టాకి మొదట వెళ్లిన మనుషులు ఎవరు? పడవలు లేని కాలంలో ఎలా వెళ్లారు? – డిగ్రీ విద్యార్థి, వరంగల్

పడవలు లేని కాలం కాదండీ, తెరచాప లేని కాలం. మొన్నమొన్నటి దాకా పుస్తకాల్లో ఉన్నదేమిటంటే, సిసిలీ నుంచి రైతులు విత్తనాలు, గొర్రెలు, మేకలు వేసుకుని వచ్చి స్థిరపడ్డారని, అంతకుముందు దీవిలో మనుషుల జాడ లేదని. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ లెక్క మార్చేసింది. దీవి ఉత్తరాన మెల్లీహా దగ్గర లత్నీయా అనే చోట తవ్వితే, 8,500 ఏళ్ల కిందటి పొయ్యిల బూడిద, రాతి పనిముట్లు, కాలిన ఎముకలు బయటపడ్డాయి. అంటే రైతులకంటే సుమారు వెయ్యేళ్లు ముందే వేటగాళ్లు అక్కడికి చేరుకున్నారు. వాళ్లు తిన్నవాటిలో ఎర్ర జింకలు, సీల్ చేపలు అని మనం పిలిచే సముద్ర జంతువులు, చేపలు, వేలకొద్దీ సముద్రపు నత్తలు ఉన్నాయి. చెట్టు మాను తొలిచి చేసిన దోనెలో, తెడ్డు వేసుకుంటూ, దాదాపు వంద కిలోమీటర్ల నడిసముద్రం దాటారన్నమాట. పగటి వెలుగు చాలదు, రాత్రి చుక్కల్ని చూసుకుంటూ నడపాల్సిందే. వ్యవసాయం తెలియని మనుషులు చిన్న చిన్న దీవుల జోలికి పోరనే నమ్మకం పరిశోధకుల్లో చాలాకాలం ఉండేది. నాకు ఈ మధ్యకాలంలో ఇంత ఉత్సాహం కలిగించిన తవ్వకం ఇంకోటి లేదు.

మనుషులకు ముందు అక్కడ మరుగుజ్జు ఏనుగులు, మరుగుజ్జు నీటిగుర్రాలు ఉండేవి. అర్ దలామ్ అనే గుహలో వాటి ఎముకలు పొరలు పొరలుగా దొరికాయి. సముద్రమట్టం తగ్గిన కాలంలో సిసిలీ వైపు నుంచి వచ్చిన జంతువులు దీవిలో చిక్కుకుని, తిండి చాలక తరాలు గడిచేకొద్దీ పొట్టిబడ్డాయి.

ప్రశ్న: ఈజిప్టు పిరమిడ్లకంటే పాత గుళ్లు మాల్టాలో ఉన్నాయని, ప్రపంచంలో అవే మొదటి కట్టడాలని ఒక మెసేజ్ వచ్చింది. నిజమేనా? – హైస్కూల్ టీచర్, నంద్యాల

మొదటి ముక్క నిజం, రెండోది కాదు. గోజో దీవిలోని జిగంతియా గుళ్లు క్రీ.పూ. 3600 ప్రాంతానివి. గీజా పెద్ద పిరమిడ్ అంతకు వెయ్యేళ్ల తర్వాతది. కానీ తుర్కియేలోని గోబెక్లి తెపే మాల్టా గుళ్లకంటే కొన్ని వేల ఏళ్లు ముందుది, కాబట్టి పిల్లలకి ‘మొదటి కట్టడాలు’ అని చెప్పకండి. ‘ఆధారం లేకుండా నిలబడ్డ అతి పాత రాతి కట్టడాల్లో కొన్ని’ అంటే సరిపోతుంది.

జిగంతియాలో కొన్ని బండలు అయిదు మీటర్ల పైన ఉంటాయి, కొన్ని యాభై టన్నుల బరువు. లోహం తెలియని మనుషులు, చక్రం వాడిన ఆనవాళ్లు కూడా లేని చోట, వాటిని లేపి నిలబెట్టారు. కొన్ని గుళ్ల దగ్గర గుండ్రటి రాతి గుండ్లు దొరికాయి, బండల కింద వాటిని పెట్టి దొర్లించి ఉంటారని ఒక అంచనా. ఊళ్లోవాళ్ల కథ ప్రకారం మాత్రం ఒక రాక్షసి చంటిబిడ్డను భుజాన వేసుకుని, చిక్కుళ్లు తింటూ ఆ రాళ్లు మోసింది.

మాల్టా దీవిలో హజర్ ఈమ్, ఇమ్నైద్రా, తార్షీన్ అని ఇంకా ఉన్నాయి. ఇమ్నైద్రా గుడిలో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సూర్యోదయపు కిరణాలు సరిగ్గా వాకిట్లోంచి లోపలికి పడతాయి. తార్షీన్ కథ ఇంకా బాగుంటుంది. 1914లో ఒక రైతు, దున్నుతుంటే నాగలికి పదేపదే పెద్ద రాళ్లు తగులుతున్నాయని వచ్చి చెబితే, మ్యూజియం అధికారి తెమిస్టోక్లిస్ జమ్మిత్ తవ్వించాడు. ఆ గుళ్లో చెక్కిన బలిపీఠం ముందు భాగంలో ఒక తొర్ర, దానికి అతికినట్టు సరిపోయే రాతి బిరడా. బిరడా తీస్తే లోపల చెకుముకి రాతి కత్తి, జంతువుల ఎముకలు ఉన్నాయి. బలి ఇచ్చినవాళ్లు కత్తిని లోపల పెట్టి మూసి వెళ్లారు, అంతే, నాలుగున్నర వేల ఏళ్ల దాకా దాన్ని మళ్లీ ఎవరూ తీయలేదు. అక్కడే ఒక గోడ మీద ఎద్దులు, పాలిస్తున్న ఆడపంది బొమ్మ చెక్కి ఉన్నాయి.

వీటన్నిటికంటే నన్ను కట్టిపడేసేది హల్ సఫ్లియేనిలోని భూగర్భ శ్మశానం, దాన్నే హైపోజియం అంటారు. 1902లో ఇళ్లు కడుతూ నీళ్ల తొట్టి కోసం తవ్వుతుంటే బయటపడింది. మూడు అంతస్తులు, భూమి కిందికి, రాతిని తొలుచుకుంటూ. పైన గుడికి తలుపులు, దూలాలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే కింద రాతిలో చెక్కారు, ఎర్ర రంగుతో చుట్టలు చుట్టలుగా ముగ్గుల్లాంటి గీతలు గీశారు. వెయ్యేళ్లకు పైగా అక్కడ సుమారు 7,000 మందిని ఖననం చేశారని అంచనా. అందులో దొరికిన మట్టిబొమ్మ ఒకటి ఇప్పుడు రాజధాని వలెట్టాలోని పురావస్తు మ్యూజియంలో ఉంది, పొడవు సుమారు 12 సెంటీమీటర్లే. నిండైన ఒళ్లున్న ఆడమనిషి మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంటుంది, ఒక చెయ్యి తల కింద, ఇంకో చెయ్యి గుండె మీద, కట్టుకున్న పావడా అంచు కుచ్చులు సైతం కనిపిస్తాయి. నిద్రో, చావో చెప్పలేం. చేసినవాళ్ల చెయ్యి మాత్రం గొప్పది.

ప్రశ్న: అంత గొప్పగా కట్టినవాళ్లు ఏమైపోయారు? గ్రహాంతరవాసులు అని యూట్యూబ్‌లో చూశాను. – ఇంటర్ విద్యార్థిని, ఏలూరు

గ్రహాంతరవాసులు కాదమ్మా, గొర్రెలు మేపిన, బార్లీ పండించిన మామూలు మనుషులు. క్రీ.పూ. 2350 ప్రాంతానికి గుళ్లు కట్టడం ఆగిపోయింది. పాత బురద పొరల్లోని పుప్పొడి, నత్తగుల్లలు, హైపోజియం లాంటి శ్మశానాల్లోని ఎముకలు, పళ్లు పరీక్షించి చూస్తే, చెట్లు తగ్గిపోవడం, మట్టి కొట్టుకుపోవడం, కరువులు రావడం, ఒంట్లో పోషణ తగ్గడం కనిపించాయి. ఒక్క రోజులో జరిగింది కాదు. అసలు ఆశ్చర్యపడాల్సింది వాళ్లు పోయినందుకు కాదు, అంత పలచటి మట్టి మీద వెయ్యేళ్లకు పైగా నిలదొక్కుకుని, పైగా గుళ్లు కట్టినందుకు. తర్వాత వచ్చినవాళ్లు కంచు వాడేవాళ్లు, చనిపోయినవాళ్లను దహనం చేసేవాళ్లు. తార్షీన్ గుడి శిథిలాలనే వాళ్లు బూడిద కుండలు పాతిపెట్టే శ్మశానంగా వాడుకున్నారు.

ప్రశ్న: మాల్టావాళ్లు క్రైస్తవులు కదా, వాళ్ల భాష అరబీలా ఉంటుందని అక్కడ పనిచేసే మా తమ్ముడు అంటున్నాడు. ఎలా కుదిరింది? – పాఠకుడు, నిజామాబాద్

మీ తమ్ముడి చెవి చురుకైనది. గుళ్లవాళ్ల తర్వాత దీవి చేతులు మారుతూ వచ్చింది. లెబనాన్ తీరపు సముద్ర వ్యాపారులైన ఫినీషియన్లు వచ్చారు, వాళ్ల తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగర రాజ్యం, క్రీ.పూ. 218లో రోము. క్రీ.శ. 60 ప్రాంతంలో క్రైస్తవ మత ప్రచారకుడు పౌలు ప్రయాణిస్తున్న ఓడ అక్కడ బద్దలైందని, దీవివాళ్లు వానలో తడిసిన వాళ్లకి నెగడు వేసి ఆదరించారని బైబిల్లో అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాల్లో ఉంది. మాల్టావాళ్లు తమ మతానికి అదే మొదలని చెప్పుకుంటారు.

క్రీ.శ. 870లో ఉత్తర ఆఫ్రికా అరబ్బు పాలకులు బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) నుంచి దీవిని గెలుచుకున్నారు. ఆ యుద్ధం తర్వాత దీవి చాలాకాలం పాడుబడి ఉందని, 1048-49లో మళ్లీ జనం వచ్చి నిలిచారని ఒక అరబ్బు రచయిత రాశాడు. సిసిలీలో అప్పుడు మాట్లాడే అరబీయే ఇప్పటి మాల్టా భాషకి తల్లి. 1091లో సిసిలీని గెలిచిన నార్మన్ దొర రోజర్ వచ్చాడు, పదమూడో శతాబ్దం మధ్యకల్లా ముస్లింలను వెళ్లగొట్టడమో మతం మార్చడమో జరిగింది. పాలకులు, మతం మారాయి, ఇంట్లో మాట్లాడే భాష మాత్రం మారలేదు. దాని మీద ఇటాలియన్, ఇంగ్లిష్ మాటలు వచ్చి చేరాయి, రాసేది రోమన్ లిపిలో. చదువుకున్నవాళ్లు వందల ఏళ్లు ఇటాలియన్‌లోనే రాసుకున్నారు, కోర్టులూ అందులోనే నడిచాయి. రైతులు, జాలర్లు మాట్లాడుకునే భాషకి అధికార హోదా వచ్చింది 1934లో. ఇవాళ ఐరోపా యూనియన్ అధికార భాషల్లో అరబీ కుటుంబానికి చెందింది అదొక్కటే.

ప్రశ్న: 1565 మహాముట్టడి గురించి వివరంగా రాయండి. ఐదారు వేల మంది కలిసి అంత పెద్ద ఒట్టోమాన్ (టర్కీ) సైన్యాన్ని ఎలా ఆపారు? – రిటైర్డ్ సైనికుడు, శ్రీకాకుళం

అయ్యా, నైట్లు అక్కడికి ఎలా వచ్చారో ముందు చెప్పాలి. సెయింట్ జాన్ సంఘం అని, జెరూసలేంలో యాత్రికులకి ఆసుపత్రి నడపడంతో మొదలై, కత్తి పట్టిన సన్యాసుల దండుగా మారింది. 1522లో ఒట్టోమాన్ సుల్తాన్ సులేమాన్ వాళ్లను రోడ్స్ దీవి నుంచి వెళ్లగొట్టాడు. నిలువ నీడ లేని వాళ్లకి స్పెయిన్ చక్రవర్తి ఐదో ఛార్లెస్ మాల్టా ఇస్తానన్నాడు. ఏడాదికి ఒక డేగ కప్పం. దీవి ఎలా ఉందో చూసి రమ్మని 1524లో సంఘం మనుషుల్ని పంపితే, వాళ్లు రాసిన నివేదిక చదవాలి. ఇది ఒట్టి రాయి, మట్టి మూడు నాలుగు అడుగులు, గోధుమ పండదు, కట్టెలు తూకం వేసి అమ్ముతారు, జనం ఎండిన పిడకల మీద, ముళ్లకంప మీద వంట చేసుకుంటారు అని. వద్దనుకున్నారు, ఇంకో దారి లేక 1530లో వచ్చారు. సిసిలీ నుంచి సుంకం లేకుండా గోధుమలు తెచ్చుకునే హక్కు వాళ్లకుంది, ఆ హక్కే లేకపోతే ఆ సంఘం అక్కడ నిలిచేది కాదు.

ఇక సముద్రం మీద ఒట్టోమాన్ ఓడల్ని దోచుకోవడం మొదలుపెట్టారు. దానికి ప్రతీకారం జనం మీద పడింది. 1551లో ఒట్టోమాన్ నౌకాదళ నాయకులు సినాన్ పాషా, తుర్గుత్‌ల వెంట వచ్చిన దండు గోజో కోటను పట్టుకుని, దాదాపు దీవి మొత్తాన్ని, వేలమందిని, బానిసలుగా ఎత్తుకెళ్లింది. 1565 మే 18న అసలు సైన్యం వచ్చింది. ముప్పై వేల పైనే అంటారు. ఎదురుగా నైట్లు 500 చిల్లర, మొత్తం కలిపి ఆరు వేలు పైచిలుకు. సంఘం పెద్ద జాన్ ద లా వలెట్‌కి అప్పటికే డెబ్బై దాటింది లేదా దాటబోతోంది.

ఎలా ఆపారంటే, మీరు సైన్యంలో పనిచేశారు కాబట్టి తేలిగ్గా అర్థమవుతుంది: నీళ్లు, గింజలు, కాలం. శత్రువు దిగబోయే మార్సా పల్లంలోని బావుల్ని పాడుచేయించాడు లా వలెట్, పంటల్ని ముందే కోయించి కోటల్లోకి చేర్పించాడు. ఓడరేవు మూతిమీదున్న చిన్న సెయింట్ ఎల్మో కోట నాలుగైదు రోజుల్లో పడిపోతుందనుకుంటే, జూన్ 23 దాకా పట్టింది. అక్కడే తుర్గుత్ ప్రాణం పోయింది. ఎండాకాలం నడిమధ్యలో బయట ఉన్న సైన్యంలో నీళ్ల విరేచనాలు ప్రబలాయి. ఎల్మో కోట చేజిక్కాక మిగతా రెండు కోటల మీద జూలై, ఆగస్టు అంతా దాడులు. సెప్టెంబరు 7న సిసిలీ నుంచి సాయం దిగింది, ముట్టడి ఎత్తేశారు. విజయదినం సెప్టెంబరు 8న జరుపుకుంటారు.

వీరగాథలన్నిటా నైట్ల పేర్లే ఉంటాయి. లెక్క చూడండి: 500 మంది పోను మిగిలినవాళ్లలో ఎక్కువమంది మాల్టా రైతులు, జాలర్లు. గోడలకి గండి పడిన చోట ఆడవాళ్లు, పిల్లలు రాళ్లు మోశారు, కాగుతున్న తారు పోశారు. ఆ ముట్టడి గెలిచింది వాళ్లూ అని నేను గట్టిగా నమ్ముతాను.

1566 మార్చి 28న కొత్త నగరానికి శంకుస్థాపన చేసి లా వలెట్ పేరే పెట్టారు. వలెట్టాలో ప్రతి ఇంటికీ వాన నీళ్లు పట్టే తొట్టి ఉండి తీరాలని నిబంధన. 1615లో కొండల వైపు నుంచి రాతి కాలవ మీదుగా నీళ్లు తెచ్చారు. నగరంలో గొప్ప ఆసుపత్రి, 1608లో కారవాజియో గీసిన బాప్టిస్టు యోహాను శిరచ్ఛేదం చిత్రం, వీటితోపాటు బానిసల సంతా ఉండేది. ఓడల తెడ్లు వేసింది బానిసలే. 1749లో ముస్లిం బానిసలు తిరుగుబాటుకి పన్నాగం పన్నారని తెలిసి చాలామందిని చంపేశారు. నైట్ల కాలాన్ని స్వర్ణయుగం అనేవాళ్లు ఈ సంతని కూడా లెక్కలో వేసుకోవాలి.

ప్రశ్న: నెపోలియన్ మాల్టాని గెలిచాడా? – పాఠకురాలు, ఖమ్మం

గెలిచాడు, 1798 జూన్‌లో, దాదాపు యుద్ధమే లేకుండా. ఈజిప్టు వెళ్తూ ఆరు రోజులు ఉన్నాడు. బానిసత్వం రద్దు చేశాడు, అది మంచిపని. చర్చిల వెండి, బంగారం లాగేసుకోవడంతో సెప్టెంబరులోనే జనం తిరగబడ్డారు. ఫ్రెంచి సైన్యం వలెట్టా గోడల మధ్య ఇరుక్కుపోయింది, బయట మాల్టా జనం, సముద్రంలో బ్రిటిష్ ఓడలు. లోపల గుర్రాలు, ఎలుకలు కూడా తినాల్సి వచ్చి, రెండేళ్లకి, 1800 సెప్టెంబరులో లొంగిపోయారు. కానీ సాయానికి వచ్చిన బ్రిటిష్ వాళ్లు వెళ్లలేదు. 1814 పారిస్ ఒప్పందంతో దీవి వాళ్లదైపోయింది.

ప్రశ్న: బ్రిటిష్ పాలనలో మాల్టావాళ్లు మనలా పోరాడారా? రెండో ప్రపంచ యుద్ధంలో అంత బాంబులు ఎందుకు వేశారు? – లెక్చరర్, తిరుపతి

పోరాడారు, కారణం రొట్టె. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేసరికి గోధుమ పిండి ధర చుక్కలనంటింది, ఓడరేవు కూలీల జీతాలు అక్కడే ఉన్నాయి. 1919 జూన్ 7న వలెట్టాలో రాజకీయ హక్కుల కోసం జాతీయ సభ జరుగుతుంటే బయట జనం పోగయ్యారు, పిండి వ్యాపారుల ఇళ్ల మీద పడ్డారు, సైన్యం కాల్చింది. నలుగురు చనిపోయారు. మనకి జలియన్‌వాలా బాగ్ జరిగి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. 1921లో పరిమితమైన స్వపరిపాలన ఇచ్చారు.

యుద్ధం సంగతి. ఉత్తర ఆఫ్రికాలో పోరాడుతున్న జర్మన్, ఇటలీ సైన్యాలకి సరుకు ఇటలీ నుంచే ఓడల మీద పోవాలి. ఆ దారి మధ్యలో మాల్టా ఉంది, అక్కడి విమానాలు, జలాంతర్గాములు ఆ ఓడల్ని ముంచుతున్నాయి. అందుకని 1940 జూన్ 11 నుంచి బాంబులు మొదలయ్యాయి, 1942 వసంతకాలానికి అవి ఆగకుండా పడ్డాయి. జనం రాతిలో తొలిచిన సొరంగాల్లో కాపురాలు పెట్టారు. ఏప్రిల్ 9న మోస్తా చర్చి గుమ్మటాన్ని చీల్చుకుని బాంబు ఒకటి, సుమారు 300 మంది మధ్య పడి పేలలేదు. ఏప్రిల్ 15న బ్రిటన్ రాజు ఆరో జార్జి దీవి మొత్తానికి, ధైర్యానికి ఇచ్చే జార్జి క్రాస్ పతకం ఇచ్చాడు, అది ఇప్పటికీ వాళ్ల జెండా మీద ఉంది.

పతకం కడుపు నింపదు కదా. ఓడలు రావట్లేదు, రేషన్ రొట్టె తగ్గించేశారు, కిరోసిన్ లేదు, మేత లేక మేకల్ని కోసేశారు. విక్టరీ కిచెన్లు అని సామూహిక వంటశాలలు పెట్టారు. తమ రేషన్‌లో కొంత వదులుకుంటే ఒక పూట వండిన తిండి పెడతారు, గిన్నె పట్టుకుని లైనులో నిలబడాలి. లక్షన్నర మందికి పైగా వాటి మీద ఆధారపడ్డ రోజులున్నాయి. గింజలు ఏ తేదీకి అయిపోతాయో, దీవిని ఏ తేదీకి అప్పగించక తప్పదో అధికారులు లెక్క కట్టి పెట్టుకున్నారు.

ఆగస్టులో 14 సరుకు ఓడలు బ్రిటన్ నుంచి జిబ్రాల్టర్ జలసంధి మీదుగా వస్తుంటే తొమ్మిది మునిగిపోయాయి, విమానవాహక నౌక ఈగిల్ కూడా పోయింది. ఐదు చేరాయి. చివరిది ఒహాయో అనే చమురు ఓడ. ఇంజన్లు ఆగిపోయి, నడుము విరిగినట్టు వంగిపోయి, నీళ్లలో డెక్కు దాకా దిగబడిన దాన్ని రెండు పక్కలా రెండు యుద్ధనౌకలకి తాళ్లతో కట్టి, నడిపించుకుంటూ ఆగస్టు 15న రేవులోకి తెచ్చారు. ఆ రోజు మరియమాత పండగ. గోడల మీద నిలబడి జనం ఏడ్చేశారు. సాంతా మారియా ఓడల వరుస అని ఇవాళ్టికీ చెప్పుకుంటారు, అది రాకపోయి ఉంటే కొన్ని వారాల్లో దీవి లొంగిపోయేది.

ప్రశ్న: మాల్టాకి ఐదు జాతీయ దినాలట, ఎందుకు? స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది? – పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

ముందు తేదీలు రాసుకోండి. మార్చి 31 (1979లో బ్రిటిష్ సైన్యం వెళ్లిపోయిన రోజు), జూన్ 7 (1919 కాల్పులు), సెప్టెంబరు 8 (1565 విజయం), సెప్టెంబరు 21 (1964 స్వాతంత్ర్యం), డిసెంబరు 13 (1974 గణతంత్రం). ఐదెందుకంటే, 1964 స్వాతంత్ర్యం నేషనలిస్టు పార్టీ బోర్గ్ ఒలివియర్ హయాంలో వచ్చింది, 1974, 1979 తేదీలు లేబర్ పార్టీ దోమ్ మింతోఫ్ హయాంలోవి. ఏది అసలు స్వాతంత్ర్యమో ఒప్పుకోలేక, 1989లో అన్నిటినీ ఉంచేశారు.

మీ పరీక్షకి పనికొచ్చే ఇంకో సంగతి: ఇదే మింతోఫ్ 1950ల్లో మాల్టాను బ్రిటన్‌లో విలీనం చేయమని అడిగాడు. 1956 రిఫరెండంలో ఓటేసినవాళ్లలో నాలుగింట మూడొంతులకి పైగా సరే అన్నారు, చాలామంది బహిష్కరించారు, తర్వాత డబ్బు దగ్గర, ఓడల మరమ్మతు రేవు ఉద్యోగాల దగ్గర మాటలు చెడ్డాయి. అప్పటిదాకా దీవి తిన్నది నౌకాస్థావరం ఇచ్చిన జీతాల మీద. అది తగ్గిపోతుంటే వేలమంది ఆస్ట్రేలియా, కెనడా, బ్రిటన్ వెళ్లిపోయారు.

1967 నవంబరు 1 కూడా గుర్తుపెట్టుకోండి. మాల్టా రాయబారి అర్విద్ పార్దో ఐక్యరాజ్యసమితిలో నిలబడి, దేశాల హద్దులు దాటిన సముద్రగర్భం మానవాళి ఉమ్మడి ఆస్తి అని వాదించాడు. 1982 సముద్ర చట్టాల ఒప్పందం అక్కడ మొదలైంది. మూడేళ్ల వయసున్న దేశం, ప్రపంచం మొత్తం కోసం మాట్లాడింది. 1989 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు బుష్ (సీనియర్), సోవియట్ నేత గోర్బచేవ్ కలుసుకున్నదీ మాల్టా తీరంలోనే. 2004 మే 1న ఐరోపా యూనియన్, 2008 జనవరి 1 నుంచి యూరో.

ప్రశ్న: మన దేశానికీ మాల్టాకీ పాత సంబంధం ఏమైనా ఉందా? – పాఠకుడు, విశాఖపట్నం

ఉంది. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందేమోనని బ్రిటిష్ ప్రభుత్వం భారత సైన్యంలోంచి సుమారు 7,000 మందిని ఓడలెక్కించి మాల్టాలో దింపింది. మద్రాసు సైన్యం వాళ్లు కూడా అందులో ఉన్నారు. యుద్ధం రాలేదు, కొన్ని వారాలు డేరాల్లో ఉండి వెళ్లిపోయారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సింధీ వ్యాపారులు వలెట్టాలో కొట్లు పెట్టారు, వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు.

ప్రశ్న: ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది? అబ్బాయిని పంపొచ్చా? – ఒక తండ్రి, గుంటూరు

పంపాలా వద్దా అన్నది కంపెనీ, జీతం, అద్దె చూసుకుని మీరు తేల్చుకోవాలి. అక్కడ అద్దెలు ఎక్కువ, గది ఎవరితో పంచుకోవాలో వెళ్లకముందే కనుక్కోమనండి. దేశం పరిస్థితి చెబుతాను. 2011లో జనంలో విదేశీయులు 5 శాతం, 2021కి ఐదుగురిలో ఒకరికి పైగా. 2021లో వాళ్లలో ఇటాలియన్లు, బ్రిటిష్ వాళ్ల తర్వాత మూడో స్థానం భారతీయులది. ఆసుపత్రుల్లో నర్సులు, బళ్ల మీద తిండి డెలివరీ చేసేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు మనవాళ్లే చాలామంది. యాభై ఏళ్ల కిందట జనం పొట్ట చేతపట్టుకుని వదిలిపోయిన దీవికే ఇప్పుడు మనం వెళ్తున్నాం.

టూరిజం, ఆన్‌లైన్ గేమింగ్, ఫైనాన్స్ కంపెనీల డబ్బు బాగా వచ్చింది, దాంతోపాటు చెడూ వచ్చింది. అవినీతి మీద రాసిన జర్నలిస్టు డాఫ్నే కరువానా గలీజియాను 2017 అక్టోబరు 16న కారు బాంబుతో చంపేశారు. ఏం చేసినా చెల్లుతుందనే వాతావరణం పెరగనిచ్చిన బాధ్యత ప్రభుత్వానిదేనని 2021లో విచారణ సంఘం తేల్చింది. డబ్బు పెట్టినవాళ్లకి పౌరసత్వం ఇచ్చే పథకం చెల్లదని 2025 ఏప్రిల్‌లో ఐరోపా యూనియన్ కోర్టు చెప్పింది.

గింజల లెక్క మాత్రం మారలేదు. తిండిలో ఎక్కువ భాగం ఓడల్లోనే వస్తుంది. తాగే నీళ్లలో సగానికి పైగా సముద్రపు నీళ్లని శుద్ధి చేసినవి, 1982లో అర్ లప్సిలో మొదటి పెద్ద ప్లాంటు పెట్టారు. 2015 నుంచి సిసిలీ కరెంటు సముద్రం అడుగున కేబుల్‌లో వస్తోంది. ఒక చట్టం మాత్రం నాకు ఎంతో ఇష్టం, 1973 నాటిది. ఎక్కడైనా ఇల్లు కట్టాలంటే ముందు అక్కడున్న సారవంతమైన మట్టిని ఎత్తి పొలానికి తరలించాలి, దాన్ని కప్పెట్టి పునాది వేయకూడదు. ఎటు చూసినా క్రేన్లే కనిపిస్తున్న ఈ రోజుల్లో ఆ చట్టం అవసరం ఇంకా పెరిగింది.

ప్రశ్న: వచ్చే ఏడాది కుటుంబంతో వెళ్తున్నాం. రెండే రోజులుంటే ఏం చూడాలి? – పాఠకురాలు, హైదరాబాద్

హైపోజియం టికెట్లు విమానం టికెట్లతోపాటే బుక్ చేసేసుకోండి, గంటకి పది మందినే లోపలికి పంపుతారు, వారాల ముందే అయిపోతాయి. ఫోటోలు తీయనివ్వరు. ఆ రోజే వలెట్టా మ్యూజియంలో పడుకున్న ఆ చిన్న బొమ్మను చూడండి, సెయింట్ జాన్ చర్చిలో కారవాజియో చిత్రం ముందు కాసేపు కూర్చోండి. రెండో రోజు పొద్దున్నే హజర్ ఈమ్, ఇమ్నైద్రా, రెండూ నడిచేంత దూరమే. వానకి, ఎండకి రాయి అరిగిపోతోందని 2009లో వాటిపైన పెద్ద గుడారాలు వేశారు కాబట్టి పిల్లలకి ఎండ దెబ్బ తగలదు, కానీ మధ్యలో దారికి నీడ లేదు, నీళ్ల సీసాలు దగ్గర పెట్టుకోండి.